రచన అన్న చోట మా ఊరివాళ్ళ పేరు రాయండి

తెలుగు సంగీత కంపెనీల యాజమాన్యాలకు, సినిమా సంగీత దర్శకులకు, జానపద ఆల్బమ్ నిర్మాతలకు,



అల్లూరి సీతారామరాజు జిల్లా పెదబయలు నుంచి రాస్తున్నాను. ఈ లేఖ మీలో ఏ ఒక్కరినీ ఉద్దేశించింది కాదు, మీ అందరికీ ఉన్న ఒక అలవాటును ఉద్దేశించింది. పాట కింద వివరాలు వేసేటప్పుడు సంగీతం, గానం, మిక్సింగ్, మాస్టరింగ్, కెమెరా, డ్రోన్, పోస్టర్ డిజైన్ దాకా అందరి పేర్లూ వేస్తారు. షూటింగ్‌కు బండ్లు తిప్పినవారికి కూడా కృతజ్ఞతలు చెబుతారు. రచన అన్న చోటికి వచ్చేసరికి మాత్రం ‘జానపదం’ అని రాసి ఊరుకుంటారు. కొందరు ఆ మాటైనా రాయరు. రెండు చరణాలు కొత్తగా చేర్చిన కవిగారి పేరు ఒక్కటే వేస్తారు. మరి పల్లవి ఎవరి నోట విన్నారు? ఆ మనిషి పేరేమిటి, ఊరేది, పాడింది ఏ భాషలో?

మీకు ఇంకో అలవాటు కూడా ఉంది. కొండ మీది కుర్రాడొకడు తాను రాసి, తానే బాణీ కట్టుకున్న పాట వినిపించబోతే మీ బృందాలు చేతులు అడ్డం పెడతాయి. కొత్తవి వద్దు తమ్ముడూ, ఒరిజినల్ గిరిజన పాట ఏదైనా ఉంటే పాడు అంటారు. మీ నాయనమ్మ పాడేదా అని అడుగుతారు. నాయనమ్మ దొరికితే ఫోను ముందు కూర్చోబెడతారు. ఆమె పాడింది రికార్డు చేసుకుని, టీ ఖర్చులకని చేతిలో ఏదో పెట్టి వెళ్ళిపోతారు.

ఈ రెండూ వేరువేరు సంగతులు కావు. పాత పాటైతే అది ఎవరిదీ కాదంటారు, కొత్త పాటైతే అది గిరిజనుల పాటే కాదంటారు. అలాంటప్పుడు కొండ మీద పుట్టినవాడు రచయిత అయ్యేది ఎప్పుడు? చనిపోయాక పేరుండదు, బతికుండగా అర్హత ఉండదు. మీ లెక్కలో మేము పాటను మోసుకొచ్చేవాళ్ళమే తప్ప పాటను పుట్టించేవాళ్ళం ఎన్నటికీ కామా? నేను ఒప్పుకోలేకపోతున్నది ఈ లెక్కనే.

మీరు మా కొండలకు ఎక్కువగా వచ్చేది చలికాలంలో. మంచు, వలిసె పూలు, కాఫీ తోటలు కెమెరాకు బాగుంటాయి. పాట ఎలా పుడుతుందో చూడాలంటే చైత్రంలో ఇటుకల పండుగకు రండి. మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా దుంగో తాడో పెట్టి, వచ్చిన బండినల్లా ఆపి, ఆడి పాడి పండుగ డబ్బులు అడుగుతారు. ఆగింది ఆర్టీసీ బస్సయితే ఒక మాట పడుతుంది, ఆఫీసరు జీపయితే ఇంకో మాట. డబ్బులు తీయకుండా అద్దం ఎక్కించుకున్నవాడి మీద మూడో మాట కూడా ఉంటుంది. వేట దొరక్క ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ళ మీద పేడనీళ్ళు పడతాయి. వాటితోపాటు అప్పటికప్పుడు కట్టిన ఎగతాళి పాట పడుతుంది. ఆ పాట కట్టింది వెయ్యేళ్ళ కిందటి అజ్ఞాత మానవుడు కాదు. నిన్న సంతలో మీ పక్కన నిలబడి ఉప్పు కొనుక్కున్న ఆవిడ. ఊళ్ళో అందరికీ ఆమె పేరు తెలుసు. తెలియనిది మీకొక్కరికే. మీరు అడగలేదు కాబట్టి.

థింసా మీకు తెలుసు. తెలుసుననే అనుకుంటారు. ఆడవాళ్ళు వరుసగా నడుములు చుట్టి పట్టుకుని ఆడే దృశ్యం మీ వీడియోల్లో నాలుగు సెకన్లు కనిపిస్తుంది, ఆ తర్వాత హీరో వస్తాడు. దాని వెనుక మోరి ఉంటుంది, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు ఉంటాయి. గ్రామదేవత కోసం ఆడే బోడ థింసా వేరు, పులి కథ చెప్పే బాగ్ థింసా వేరు, ఒక్కరే ఆడే నాటికారి వేరు. ఒక ఊరివాళ్ళు మరో ఊరికి ఆడడానికి పోయి, ఆ ఊరి విందులో కలిసి తిని రావడాన్ని సంకిడి కేళ్‌బార్ అంటారు. అలా పోయినప్పుడే ఎవరి మోరికి ఊపిరెక్కువో, ఎవరు పాటకు పాట అందించగలరో నలుగురికీ తెలిసేది. ఈ కొండల్లో మంచి మోరి ఊదే మనిషికి నాలుగైదు ఊళ్ళ అవతల కూడా పేరుంటుంది. పెళ్ళి కుదిరితే ముందు ఆయనకు కబురు పోతుంది. మాకు కళాకారుల పేర్లు లేవని మీకెవరు చెప్పారు? కాగితం మీద లేవు, నిజమే. కాగితం మీ దగ్గర ఉంది గదా, మీరు రాయవచ్చు గదా?

భాష అర్థం కాదని మీలో ఒకరు అనవచ్చు. ఇక్కడ ఒకే సంతలో ఆదివాసీ ఒడియా, కువి, కొండ భాష, తెలుగు కలిసి వినిపిస్తాయి. బయటివారికి తికమకే. కానీ కొండ భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతంలో పనిచేసి వ్యాకరణమే రాశారు. ఆ పుస్తకం 1969లో వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి ఎనిమిది గిరిజన భాషల్లో పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టి, తెలుగు లిపిలో వాచకాలు వేశారు. కువి, కొండ, ఆదివాసీ ఒడియా మూడూ వాటిలో ఉన్నాయి. ఒకటో తరగతి పిల్ల చదవగలిగేలా అచ్చయిన భాష మీ పోస్టర్ మీద పట్టదా? పాట పేరు పక్కన ‘కువి పాట’ అని రెండు మాటలు రాయడానికి ఏ ప్రొఫెసరు కావాలి? మీ వీడియోల్లో అన్నిటికీ కలిపి ‘ట్రైబల్’ అని ఉంటుంది. పెదబయలు నుంచి ఆదిలాబాద్ దాకా ఒకటే తెగ, ఒకటే పాట అన్నట్టు.

ఇక కొత్త పాటలు. మీరు వద్దన్నవి. నేను విన్నంతలో ఈ కొండల్లో ఇప్పుడు పుడుతున్న పాటలు వేటి మీదో చెబుతాను. రోడ్డు లేని ఊరి నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకుపోవడం మీద. కాఫీ పళ్ళకు షావుకారు చెప్పే రేటు మీద. సిగ్నల్ కోసం కొండెక్కి, ఆధార్ ఓటీపీ వచ్చేసరికి కిందికి జారిపోయిన ముసలాయన మీద (ఈ పాటకు సంతలో జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు). ఆశ్రమ పాఠశాలలో సెలవుల కోసం రోజులు లెక్కపెట్టుకునే పిల్ల మీద. చేపల చెరువుల పనికి మైదానం పోయి తిరిగిరాని తమ్ముడి మీద. వీటి నడక థింసాదే, లేదా నాట్లప్పుడు పాడే పాటది. మాట మాత్రం ఈ రోజుది. ఇవి ఫోన్లలో రికార్డయి చేతులు మారతాయి. ఒడిశాలోని కోరాపుట్ వైపు నుంచి దేశియా భాష ఆల్బమ్ పాటలు ఇటు వస్తాయి, ఇటువి అటు పోతాయి. మాచ్‌ఖండ్ నది రెండు రాష్ట్రాలను వేరు చేసిందేమో గానీ పాటను వేరు చేయలేదు.

వేరే చోట ఎవరైనా గిటార్ పట్టుకుని సొంత ఊరి బాణీలో సొంత బతుకు మీద పాట కట్టుకుంటే ఆ ఆల్బమ్‌ను మీరే నెత్తిన పెట్టుకుంటారు. ‘రూట్స్’ సంగీతం అంటారు. అలాంటి పాటలు రాసినవాడే బాబ్ డిలాన్. 2016లో ఆయనకు సాహిత్యంలో నోబెల్ వచ్చింది. అంత దూరం ఎందుకు? గోరటి వెంకన్న పాటల పుస్తకం ‘వల్లంకి తాళం’ 2021కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చుకుంది. పెంచల్ దాస్ తన రాయలసీమ యాసలోనే పాడి 2018లో ‘కృష్ణార్జున యుద్ధం’, ‘అరవింద సమేత’ సినిమాల్లో ఎంత పేరు తెచ్చుకున్నారో చూశారు. ఎవరైనా వారి పాటను కల్తీ జానపదం అన్నారా? పాలమూరు మనిషి, సీమ మనిషి జానపద కవులు కాగలిగినప్పుడు పెదబయలు మనిషి ఎందుకు కాలేడు? అతను ‘ఒరిజినల్’గా ఉండాలంటే ఈకల కిరీటం పెట్టుకోవాలా? అన్నట్టు మా దగ్గర ఎవరూ మీ వీడియోల్లో ఉండే ఈకల కిరీటాలు పెట్టుకోరు. అవి మీ కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్ సొంత రచన. దానికి రచయిత పేరు ధైర్యంగా వేసుకోవచ్చు.

జానపదానికి కర్త ఉండడు, అది అందరి సొత్తు అనే మాట మీరు ఎంత ధీమాగా అంటారో తెలుసు. ఆ ధీమా ఎన్నిసార్లు బోల్తా కొట్టిందో చూడండి. మా కొండల కింద పార్వతీపురం వైపు పుట్టిన వంగపండు ప్రసాదరావు పాట ‘ఏం పిల్లడో’ ఊరూరా ఎంతగా పాకిందంటే, అది ఒక మనిషి రాసిన పాటన్న సంగతే చాలామంది మరచిపోయారు. 2009లో ‘మగధీర’లో తన పల్లవిని తన అనుమతి లేకుండా వాడారని ఆయన బహిరంగంగా అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. జననాట్యమండలిలో దశాబ్దాలు కాళ్ళకు గజ్జెలు కట్టి ఊరూరూ తిరిగిన వాగ్గేయకారుడు, ఉత్తరాంధ్రలో పిల్లలకు కూడా తెలిసిన మనిషి. ఆయనకే ఆ గతి పడితే, పేరు పేపర్లో ఎన్నడూ పడని మా ఊరి ఆడమనిషి ఎవరికి చెప్పుకోవాలి?

పశ్చిమ ఒడిశాలో ‘రంగబతి’ అనే సంబల్‌పురి పాట ఉంది. మా సంతల్లోనూ మోగిన పాట. దేశమంతా అది జానపదమే అనుకుంది. 2015లో టీవీలో వచ్చే కోక్ స్టూడియో కార్యక్రమంలో దాన్ని కొత్తగా చేసి పాడితే, రాసిన మిత్రభాను గౌంటియా, బాణీ కట్టిన ప్రభుదత్త ప్రధాన్ లీగల్ నోటీసు ఇచ్చారు. జానపదం అనుకున్న పాట కర్తలు ఇద్దరూ అప్పటికి భేషుగ్గా బతికే ఉన్నారన్న మాట. పాటకు కర్త లేడని తేల్చేముందు వెతికారా అని అడిగితే మీ దగ్గర ఏం జవాబుంది?

2021లో ‘సారంగదరియా’ గొడవ మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ‘లవ్ స్టోరీ’ సినిమా కోసం సుద్దాల అశోక్ తేజగారు దాన్ని తిరగరాశారు, మంగ్లీ పాడారు, కోట్లమంది చూశారు. ఆ పాటను అంతకుముందే టీవీ వేదిక మీద పాడిన జానపద గాయని కోమలి, దాన్ని తాను సేకరించి తెచ్చానని, తనకు గుర్తింపు ఏదని అడిగారు. రచ్చ అయ్యాక దర్శకుడు ఆమె పేరు వేస్తామన్నారు. అన్నందుకు సంతోషం. కానీ ఆమె కెమెరాల ముందుకొచ్చి అడగకపోయి ఉంటే? అడగడానికి ఆమెకు టీవీ పరిచయం ఉంది, తెలుగు వచ్చు. కువి మాత్రమే వచ్చిన మనిషి ఏ చానల్‌కు ఫోన్ చేయాలి? ‘పలాస 1978’లో ‘నక్కిలీసు గొలుసు’ పాటకు ఉత్తరాంధ్ర జానపదం అని ప్రాంతం పేరైనా చెప్పారు. మీ లోకంలో అదే పెద్ద మర్యాద అనుకోవాల్సి వస్తోంది.

పేరు వేశామంటే పని అయిపోయిందని కూడా అనుకోకండి. పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్యగారికి ‘భీమ్లా నాయక్’ పాటలో పేరు దక్కింది, 2022లో పద్మశ్రీ దక్కింది. 2024లో ఆయన కట్టడం పనిలో కూలికి పోతున్న సంగతి పత్రికల్లో చదివాం. తమిళంలో అరివు రాసిన ‘ఎంజాయ్ ఎంజామి’ 2021లో ప్రపంచమంతా మోగింది. తేయాకు తోటల్లో కూలి చేసిన నాయనమ్మల బతుకు పాట అది. మూడేళ్ళ తర్వాత సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ ఆ పాట మీద తమకు పైసా రాలేదని కెమెరా ముందు చెప్పారు. అంత పేరున్నవాళ్ళకే లెక్కలు చూపని వ్యాపారంలో, పేరే లేనివాళ్ళకు ఏం లెక్క చెబుతారు?

ఆదివాసీ గొంతును ఎత్తుకుపోవడం మీరు కనిపెట్టిందేమీ కాదు. తైవాన్‌లో ఆమిస్ తెగకు చెందిన డిఫాంగ్ అనే వృద్ధ రైతు, ఆయన భార్య పాడిన పాట రికార్డును ఎనిగ్మా అనే యూరప్ బృందం ‘రిటర్న్ టు ఇన్నోసెన్స్’లో వాడుకుంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలో ఆ పాట మోగింది. పాడిన ముసలివాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళు కోర్టుకెక్కితే 1999లో రాజీ కుదిరింది. ఆ దేశం అక్కడితో ఆగలేదు. 2007లో ఆదివాసుల సంప్రదాయ సృజనను కాపాడే చట్టం ఒకటి తెచ్చింది. పాట మీద, ఆట మీద తెగకే హక్కు రాసిచ్చింది.

మన దగ్గర చట్టం లేదు గదా అని మీ లాయర్లు చెబుతారేమో. సగమే నిజం. 1957 కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు ఉంది. గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడే కాదు, గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఆ చట్టం దృష్టిలో ప్రదర్శకులే. మా నాయనమ్మ మీ ఫోను ముందు పాడిన క్షణం నుంచి ఆమె ప్రదర్శకురాలు. ఆమె అనుమతి లేకుండా ఆ రికార్డు వాడకూడదు. 2012 సవరణ తర్వాత ఆమెను పాడిన మనిషిగా గుర్తించమని అడిగే హక్కు ఆమెకు ఉంది. వ్యాపారానికి వాడితే రాయల్టీ అడిగే హక్కూ ఉంది. టీ ఖర్చులకిచ్చిన నోటు మీద ఆ హక్కు రద్దయిందని ఎక్కడా రాసి లేదు. మీరు సంతకం పెట్టించుకున్న కాగితం ఉందంటారా? ఏ భాషలో ఉంది? చదివి వినిపించింది ఎవరు?

ఇక పెదబయలు మామూలు మండలం కాదు, అయిదో షెడ్యూల్ ప్రాంతం. 1996 పెసా చట్టం ప్రతి గ్రామసభకూ తన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమష్టి మేధో హక్కు ఉంది. పాట అందులోకి రాదని వాదించగలరా? మీకు లొకేషన్ కావాలంటే అటవీ శాఖ అనుమతి కోసం తిరుగుతారు, డ్రోన్ ఎగరేయాలంటే పోలీసుల దగ్గరకు పోతారు. గ్రామసభ గడప మాత్రం ఎన్నడూ తొక్కరు. రెండు వందల మంది ఉన్న ఊళ్ళో చెట్టు కింద కూర్చుని అడగడానికి అంత కష్టమేమిటి?

మా భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేదని 1/70 చట్టం ఉంది. మా కొండల్లో గనుల లీజుల మీద 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. ఆ కేసు పుట్టింది మా పొరుగున అనంతగిరి మండలం బొర్రా వైపే. మా కాఫీ గింజకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరకు పేరు పెట్టి వేరే ఊరి కాఫీ అమ్మితే తప్పు. భూమికి కంచె ఉంది, గనికి తీర్పు ఉంది, గింజకు ముద్ర ఉంది. పాట దగ్గరికి వచ్చేసరికి తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి కాబట్టే మీరు ఇంత సులువుగా వచ్చి పోతున్నారు.

దీనికి ఇంకో చేదు కొస ఉంది. మీరు రికార్డు చేసిన పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో మీ పేరున నమోదు చేస్తారు. ఆ తర్వాత మా కుర్రాడు తన ఊరి పెళ్ళిలో పాడుకున్న అదే పాట ఎక్కించబోతే, అది మీ పాటతో సరిపోలిందని యంత్రం క్లెయిమ్ వేయవచ్చు. వచ్చే నాలుగు రూపాయలూ మీ ఖాతాకు మళ్ళుతాయి. ‘జానపదం, అందరి సొత్తు’ అని రాసినవారు దాని మీద రాబడి మాత్రం ఒక్కరే రాసుకోవడం ఏ న్యాయం? అందరిదైతే క్లెయిమ్ ఎందుకు వేస్తారు? మీదైతే జానపదం అని ఎందుకు రాస్తారు? రెంటిలో ఏదో ఒకటి తేల్చండి.

మా వల్లనే మీ పాట లోకానికి తెలిసింది గదా అనే మాట మీ నోట తరచూ వింటాం. తెలిసింది పాటేనా, మేమా? మీ వీడియో కోటిమంది చూశాక కూడా పెదబయలు ఎక్కడుందో చూసినవాడికి తెలియదు. అరకు అనుకుంటాడు. పాట ఏ సందర్భంలో పాడతారో తెలియదు. మా దగ్గర ఆడపిల్లను సాగనంపేటప్పుడు పాడే పాటను తాగి ఊగే ఐటమ్ సాంగ్ చేస్తే, ఆ లోకానికి తెలిసింది ఏమిటి? ఆ పాట ఇక మా పెళ్ళిలో పాడితే బయటి ఊళ్ళో చదువుకుంటున్న మా పిల్లలే సిగ్గుతో తల దించుకుంటున్నారు. మీరు ఇచ్చిన ప్రచారానికి మేము కడుతున్న ధర అది.

అసలు కర్తను పట్టుకోవడం కష్టం అంటారు. కష్టమే. అందుకే కదా మీకు బడ్జెట్ ఉన్నది? కష్టపడితే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒడిశాలోని కాశీపూర్‌లో బాక్సైట్ గనులకు ఎదురు నిలిచిన కొండ ప్రజల నాయకుడు భగవాన్ మాఝి పాట స్ఫూర్తితో జార్ఖండ్‌లో మేఘనాథ్ ‘గావ్ ఛోడబ్ నాహీ’ రాశారు, మధు మన్సూరి పాడారు, కె.పి. శశి వీడియో తీశారు. ఎవరి పాట నుంచి పుట్టిందో, ఎవరు రాశారో, ఎవరు పాడారో అన్నీ అందులో చెప్పారు. వాళ్ళ వెనుక మీలాంటి కంపెనీ ఏదీ లేదు. మనసుంటే చాలని తేలింది. మధు మన్సూరికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బయట పాడినవారు పేరు చెప్పినందువల్ల ఆ పాట పలుచన కాలేదు, ఉద్యమాల్లో ఇప్పటికీ మోగుతూనే ఉంది.

కాబట్టి అడగదలచింది సూటిగా అడుగుతున్నాను. పాట మా కొండల నుంచి తీసుకుంటే రచన అన్న చోట పాడి వినిపించిన మనిషి పేరు, ఊరు, భాష రాయండి. ఫలానా ఊరి ఆడవాళ్ళ పాట అయితే ఆ ఊరి పేరే రాయండి, ఊరు కూడా రచయితే. రికార్డు చేసేముందు గ్రామసభలో, వాళ్ళ భాషలో, పాట ఎక్కడెక్కడ వాడతారో చెప్పి ఒప్పందం రాసుకోండి. అందులో ఒకసారి ఇచ్చే డబ్బుతోపాటు ప్రతి ఏడాదీ వచ్చే వాటా ఉండాలి. ఆ వాటా ఊరి పేరున ఉన్న ఖాతాకు రావాలి, పంపిన లెక్క చూపాలి. మూల పాట మీద కంటెంట్ ఐడీ క్లెయిమ్‌లు వేయకండి. ఇప్పటికే వేసి ఉంటే తీసేయండి. సాగనంపే పాటనో చావు పాటనో వేరే రంగులో వాడుకోవాలంటే ముందు అడగండి, వద్దంటే మానుకోండి. ఈ మాట మీకు కొత్తగా ఉండవచ్చు గానీ, వద్దు అనే హక్కు లేని చోట అనుమతి అన్న మాటకు విలువ లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. మీ ఆల్బమ్‌లో మా వాళ్ళను వెనుక కోరస్‌గా, రంగురంగుల చీరలుగా పెట్టడం ఆపి, ఒక్క ఆల్బమ్ అయినా మా కొండల గాయకుడో గాయనో సొంతంగా రాసి, బాణీ కట్టి పాడినదాన్ని విడుదల చేయండి. కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో ఉండనీయండి, తెలుగు అర్థం కింద అక్షరాల్లో వేయండి. మోరినీ తుడుమునూ కీబోర్డు నుంచి తీసుకోకుండా ఊదేవాణ్ణీ కొట్టేవాణ్ణీ కూర్చోబెట్టి రికార్డు చేయండి. డోలీ పాట, కాఫీ రేటు పాట, ఓటీపీ పాట అన్నీ అందులో పెట్టండి. ముఖచిత్రం మీద ఆ మనిషి ఫోటో వేయండి, కిరీటం లేకుండా, మామూలు చొక్కాలోనో చీరలోనో. అమ్ముడు పోదంటారా? ‘రంగబతి’ అమ్ముడు పోలేదా? సంబల్‌పురి తెలిసి విన్నారా జనం?

ప్రభుత్వంలో ఉన్న గిరిజన సంక్షేమ శాఖవారు, సాంస్కృతిక శాఖవారు ఈ లేఖ చదివితే వారికీ ఒక్క మాట. మంత్రులొచ్చినప్పుడు ఎండలో నిలబడి థింసా ఆడే ఆడవాళ్ళ పేర్లతో మీ దగ్గర ఒక జాబితా ఉండాలి. ఊరు, భాష, పాట, పాడినవారి పేరు రాసి ఉంచే రిజిస్టరు ఒకటి మండలానికి ఉంటే, కర్త దొరకలేదని చెప్పే వీలు ఎవరికీ ఉండదు. పాడేరు ఐటీడీఏ తలుచుకుంటే ఈ పని బడిపిల్లలతో కూడా చేయించవచ్చు. పిల్లలకు ఇంటి దగ్గర పాడేవాళ్ళ పేర్లన్నీ తెలుసు. నేను చదువు చెప్పే బడిలో అడిగి చూడండి, అయిదు నిమిషాల్లో బోర్డు నిండుతుంది.

మీ తర్వాతి ఆల్బమ్ వచ్చినప్పుడు మేము వింటాం. ముందు పాట వింటాం, ఆ తర్వాత రచన అన్న చోట ఏం రాశారో చూస్తాం. అక్కడ మళ్ళీ ‘జానపదం’ అని మాత్రమే కనిపిస్తే, ఆ పాట ఏ ఊరిదో, ఎవరు పాడేవారో మా పిల్లలు అదే వీడియో కింద పేర్లతో సహా రాస్తారు. మీరు వేయని పేర్లను మేమే వేసుకుంటాం. ఆ అవసరం మాకు రానివ్వకండి.

ఇట్లు,
ఒక బడి పంతులు,
పెదబయలు మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా